కామాక్షమ్మ కిటికీ

సముద్రం లేని ఊరికి రేవు ఎక్కడుంటుంది?

ఆదివారం పొద్దున్నే ఆబిడ్స్ పెద్ద పోస్టాఫీసు ముందు పోగైన జనాన్ని భవ్యశ్రీ ఈ ప్రశ్నతోనే పలకరించేది. వాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకుని నవ్వేవారు. నడవండి, చివర్లో చూపిస్తానని ఆమె ముందుకు సాగేది. ఆబిద్ అనే ఆసామి పెట్టిన అంగడి పేరు ఏకంగా పేటకే పేరై కూర్చున్న వైనం దగ్గర మొదలుపెట్టి, మొజంజాహీ మార్కెట్ రాతి కమానుల కింద కాసేపు నిలబెట్టి, సందుల్లోంచి తిప్పి తిప్పి, ఆఖరికి నాంపల్లి స్టేషను ముందు ఆపి, ఇదిగో మన రేవు అనేది. బందరు వాళ్ళూ బెజవాడ వాళ్ళూ ట్రంకుపెట్టె నెత్తిన పెట్టుకుని దిగిన గట్టు ఇదేననేది. చప్పట్లు పడేవి. పడక ఏం చేస్తాయి, పిల్ల మాటకారి. కోఠీ విమెన్స్ కాలేజీలో చరిత్ర చదివింది. చదివింది చదివినట్టు చెబితే జనం పారిపోతారని మాత్రం రోడ్డు మీదకి వచ్చాకే నేర్చుకుంది.

ఆ నేర్చుకున్నదే కొంప ముంచింది. తన కొంప అయితే ఫర్వాలేదు, పక్కవాళ్ళ కొంప.

పాత ఊరు చూపిస్తూ ఇలాంటి నడకలు నడిపించేవాళ్ళకి ఒక గండం ఉంటుంది. మార్కెట్ దాటి స్టేషన్ రోడ్డు వైపు మళ్ళేసరికి అందరికీ ఒకేసారి ఆకలేస్తుంది. అక్కడ టిఫిన్ బండి మీద దోసె చుయ్యిమంటుంది, ఎదురుగా ఇరానీ చాయ్ పొగలు కక్కుతుంది. అలాంటప్పుడు కమాను ఎవరు కట్టించారో, గడియారం ఎవరు బిగించారో ఎవడిక్కావాలి? ఆ మలుపు దాటించడానికి చేతిలో ఏదో ఒక తాయిలం ఉండాలి. భవ్యశ్రీకి ఉండేది కాదు.

పోయిన వానాకాలంలో ఒక ఆదివారం సన్నగా తుంపర పట్టింది. సగం మంది అప్పటికే హోటల్ పందిరి కిందకి చేరారు. మిగిలినవాళ్ళు చేరడానికి చూస్తున్నారు. సందులో పాత మేడ ఒకటి, పైన సందులోకి పొడుచుకొచ్చిన చెక్క కిటికీ. నిజానికి ఆ ఇంటికి చెప్పుకోదగ్గ చరిత్రేమీ లేదు. ఇప్పుడు అందులో ఉంటున్న పద్మ టీచర్ మామగారు సుఖంగా బతకడానికి కట్టించుకున్న మామూలు ఇల్లు. కానీ ఆ వానలో, ఆ మూసిన తలుపుల వెనక ఎవరో ఉన్నట్టే అనిపించింది. భవ్యశ్రీ గొంతు తగ్గించి, ఆ కిటికీలో ఒకావిడ కూర్చునేదని మొదలుపెట్టింది. పేరు కామాక్షమ్మ అంది. పందిరి కిందకి చేరినవాళ్ళు కూడా చాయ్ గ్లాసులతో వెనక్కి వచ్చారు.

కథ ఇంతే. యాభైల్లో, రాష్ట్రం కొత్తగా ఏర్పడ్డ రోజుల్లో, ఆఫీసుతోపాటు హైదరాబాదుకి బదిలీ అయి వచ్చిన ఒక గుమాస్తా భార్య ఆవిడ. బందరు పిల్ల, పుట్టి పెరిగింది రేవు దగ్గర. పొద్దున్నే మొగుడు ఆఫీసుకి పోతాడు, సందులో వాళ్ళ మాట ఆమెకి తెలియదు, ఆమె మాట వాళ్ళకి తెలియదు. స్టేషనులో రైలు కూస్తే ఓడ కూసిందని ఉలిక్కిపడి కిటికీ దగ్గరికి పరుగెత్తేది. అక్కడ సముద్రం ఉండేది కాదు. తర్వాత తర్వాత ఒక పద్ధతి పెట్టుకుంది. రైలు కూసేదాకా ఆగి, ఆ కూతలో గొంతెత్తి ఏడ్చేది. కూత ఆగితే తనూ ఆపేసేది. అందువల్ల ఎవరికీ తెలియలేదు. ఒకరోజు కూత ఆగింది గానీ ఏడుపు ఆగలేదు. కిందివాళ్ళు పైకి వెళ్ళి చూస్తే గదిలో మనిషి లేదు. ఇక్కడ భవ్యశ్రీ కాసేపు మాట్లాడకుండా నిలబడేది. తర్వాత, ఇప్పటికీ రైలు కూసినప్పుడు చెవి ఒగ్గి వినమనేది. పక్కనే నాంపల్లి స్టేషను. కూయని రైలేది?

ఇందులో అబద్ధం చాలా తక్కువ, అదే తంటా. కామాక్షమ్మ ఉంది. భవ్యశ్రీ తండ్రికి తల్లి, మామ్మ. బందరు పిల్ల మాట నిజం, గుమాస్తా మల్లేశ్వరరావుని చేసుకుని వచ్చిన మాట నిజం, నాంపల్లిలో ఒక మేడ మీద గదిలో కాపురం పెట్టిన మాట నిజం. ఆ మేడ పడగొట్టి ఏనాడో లాడ్జీ కట్టేశారు. రైలు కూతలో ఏడ్చిన మాటా నిజమే. ఒక మధ్యాహ్నం కరెంటు పోయినప్పుడు, ఉక్కపోతలో విసనకర్ర విసురుకుంటూ మామ్మే చెప్పింది. చెప్పి, "మీ తాతయ్యకే తెలియదు సుమా" అని నవ్వింది. తాతయ్య పోయి అప్పటికి చాలా ఏళ్ళయింది. ఇల్లు మారిన సంగతి పక్కన పెడితే, కథలో అబద్ధమల్లా ఆవిడ మాయమైపోవడం ఒక్కటే. మామ్మ నిక్షేపంగా చాదర్‌ఘాట్‌లో కొడుకు ఇంట్లో, టీవీ గొంతు పెంచుకుని సీరియల్ చూస్తూ ఉంది.

బతికున్న మనిషిని చచ్చిందంటే ఎవరికి నష్టం అనుకుంది భవ్యశ్రీ. అసలు పేరు ఎందుకు వాడిందంటే, నోటికి అదే వచ్చింది.

మాట పెదవి దాటితే పృథివి దాటుతుందని ఊరికే అనలేదు. కథ ఫోన్లలోకి ఎక్కింది. నడకకి రానివాళ్ళు కూడా చీకటి పడగానే వచ్చి ఆ కిటికీ కింద నిలబడి, రైలు కూసినప్పుడు వీడియోలు తీసుకునేవారు. పద్మ టీచర్ మేడ మీది రెండు గదులూ కోఠీలో బట్టల షాపులో పనిచేసే ఆడపిల్లలకి కిరాయికిచ్చింది. వాళ్ళు ఖాళీ చేశారు. తర్వాత వచ్చినవాళ్ళు గది చూసి, మెచ్చుకుని, ఇదేనా ఆ ఇల్లు అని అడిగి వెళ్ళిపోయారు. ఆ తర్వాత ఎవరూ రాలేదు.

పద్మ టీచర్ కోపం తెచ్చుకుని తిట్టినా బాగుండేది. భవ్యశ్రీ ఖర్మకి ఆవిడ తిట్టే రకం కాదు. సర్కారు బళ్ళో చిన్నపిల్లలకి చదువు చెప్పి రిటైరైన మనిషి. మొగుడు లేడు, ఆబిడ్స్‌లో జిరాక్స్ షాపు నడుపుకునే కొడుకు అఖిలేష్‌తో కింది భాగంలో ఉంటుంది. నడకవాళ్ళు వచ్చే వేళకి అరుగు మీద బిందెతో మంచినీళ్ళు, పక్కన గ్లాసులు పెట్టి ఉంచేది. తన ఇంట్లో దయ్యాన్ని చూడవచ్చిన వాళ్ళకి దాహం తీర్చే ఇల్లాలు ప్రపంచంలో ఇంకెక్కడైనా ఉంటుందా? పైగా, తను కాపురానికి రాకముందు మామగారు పైగదులు ఎవరెవరికో కిరాయికిచ్చేవాడు, అందులో ఈ కామాక్షమ్మా ఒకతె అయి ఉంటుందని ఆవిడ నమ్మేసింది. సదువుకున్న పిల్ల, పుస్తకాలల్ల చూసే చెప్తుంటదని వాడకట్టులో అందరికీ చెప్పేది. భవ్యశ్రీ ఆ నీళ్ళు సగమే తాగేది. తేలు కుట్టిన దొంగలా గ్లాసు బోర్లించి వచ్చేసేది. అయినా మళ్ళీ ఆదివారం మళ్ళీ అదే కథ. ఆ కథ చెప్పకపోతే ఇప్పుడు జనం అడిగి మరీ చెప్పించుకుంటున్నారు.

పోయిన ఆదివారం నడక అయిపోయాక పద్మ టీచర్ ఆమెని లోపలికి పిలిచి కూర్చోబెట్టింది.

"మొన్న పొద్దుగూకంగ రైలు కూసింది బిడ్డా. కూత ఆగినంక గూడ సన్నగ ఇనవడ్డది. ఆడమనిషి ఏడ్పే. నాకు భయం గాలే, పాపమనిపిచ్చింది. ఎవ్వరు బియ్యం ఇయ్యని మనిషి గట్లనే తిరుగుతదని అయ్యగారు చెప్పిండు. వచ్చే ఐతారం పెత్రామాస గద. మా అత్తమామలతోని గామెకు గూడ బియ్యం ఇస్త, చీర పెడ్త. నువ్వు అన్నీ ఎరిగినదానివి, గామె గోత్రం ఏందో జర చెప్పు."

పెత్రామాస అంటే భాద్రపద అమావాస్య. ఆ రోజు పొద్దున పోయినవాళ్ళ పేరూ గోత్రమూ చెప్పి అయ్యగారికి, అంటే పురోహితుడికి, బియ్యం, పప్పు, కూరగాయలు ఇస్తారు. భవ్యశ్రీ ఇంట్లో దాన్నే స్వయంపాకం అంటారు, తాతయ్య పేరు మీద ఏటా ఇస్తారు. పేరేదైనా పోయినవాళ్ళకి అందేది అదే. బతికున్నవాళ్ళ పేరు మీద పొరపాటున కూడా ఇవ్వరు. ఆ మాట ఊహించుకోవడానికే ఇష్టపడరు.

గోత్రం భవ్యశ్రీకి నోటికి వచ్చు. తన గోత్రమే అది. ఆ క్షణంలో నిజం చెప్పేస్తే అక్కడితో పోయేది. ఆమె నోరు తెరిచింది కూడా. కనుక్కుని చెబుతానండీ అని బయటపడింది.

ఇక ఆ వారమంతా ఆమె పడిన అవస్థ పగవాళ్ళకి కూడా వద్దు. ఇలాంటివి నమ్మనని కాలేజీ రోజుల నుంచి వాదించే పిల్ల. చుక్క తెగి పడితే కళ్ళు మూసుకునే తల్లిని వెక్కిరించిన పిల్ల. అలాంటిది మామ్మ దగ్గితే చాలు, చేతిలో పని వదిలేసి గుమ్మంలోకి వచ్చి నిలబడేది. మామ్మ ఒక ముద్ద తక్కువ తింటే ఒంట్లో ఎలా ఉందని అడిగేది. కొత్తగా చూస్తున్నట్టు ఏమిటే ఆ చూపు అని మామ్మ విసుక్కుంది. నమ్మకం లేకపోవడం వేరు, మామ్మ పేరు చెప్పి అయ్యగారి పళ్ళెంలో బియ్యం పోస్తుంటే చూస్తూ ఊరుకోవడం వేరు. అందుకు గుండె కావాలి. భవ్యశ్రీకి అంత గుండె లేదు, ఆ సంగతి ఆమెకి ఇప్పుడే తెలిసింది.

శనివారం సాయంత్రం వెళ్ళి పద్మ టీచర్ ముందు కూర్చుని అంతా చెప్పేసింది. కథ తనే అల్లానని, ఆ పేరు తన మామ్మదని, ఆవిడ బతికే ఉందని, ఈ ఇంట్లో ఎప్పుడూ కాపురం లేదని చెప్పింది. చెబుతూ ఆవిడ పాదాల వంకే చూసింది. తిట్లకి సిద్ధపడే వచ్చింది.

పద్మ టీచర్ తిట్టలేదు. ఆమె తల నిమిరి, "నా దిల్ కుదుటవడాలని అంటున్నవ్. నాకు ఎరుకలేదా? నేను నా చెవులతోని ఇన్న బిడ్డా" అంది. ఇంకేం చెప్పినా నవ్వి ఊరుకుంది. అబద్ధం చెప్పినప్పుడు ఊరంతా నోరు తెరుచుకుని వింది. నిజం చెబితే వినే నాథుడు లేడు.

అఖిలేష్ ఎప్పుడు వచ్చాడో, గడపలో నిలబడి అంతా విన్నాడు. ఆమె బయటికి వస్తుంటే వెనకే సందులోకి వచ్చాడు. గొంతు పెంచలేదు.

"కిరాయికున్న పిల్లలు పోయిన్రు, గా ఫికర్ నాకు లేదక్కా. మా అమ్మ రాత్రి లైటు ఆర్పకుండ పంటున్నది. భయం లేదంటది, పైకి మాత్రం పోదు. గామె బతికే ఉందంటివి గద. రేపు అయ్యగారు వచ్చేలోపట తీస్కొచ్చి మా అమ్మ ముంగట నిలవెట్టు."

భవ్యశ్రీ తల ఊపింది. ఊపక ఏం చేస్తుంది? ఇంటికి వెళ్తూ బస్సులోంచి శశికిరణ్‌కి ఫోన్ చేసింది. అతను ఆమె దగ్గరే ఈ నడక నేర్చుకున్నవాడు. ఆమెకి జ్వరమొచ్చినప్పుడు, ఉద్యోగ పరీక్షలున్నప్పుడు అతనే నడిపించేవాడు. రేపు నేను రాలేను, నువ్వు చూసుకో, మామూలుగానే నడిపించు అంది. శశికిరణ్ సరేనన్నాడు. మామూలుగానే అన్న ఆ ఒక్క మాట గురించి ఆమె మళ్ళీ ఆలోచించలేదు. బుర్ర అంతా మామ్మకి ఎలా చెప్పాలా అన్న దాని మీదే ఉంది.

మర్నాడు తెల్లవారి మామ్మ కాఫీ తాగుతుండగా చెప్పింది. రాత్రంతా కూడబలుక్కున్నదంతా గ్లాసు పొగలో కలిసిపోయి, ఏవో నాలుగు ముక్కలు బయటికి వచ్చాయి. నడకలో ఒక పాత ఇంటి దగ్గర ఒక దయ్యం కథ చెబుతున్నానని, దానికి నీ పేరు పెట్టానని, ఆ ఇంటావిడ నమ్మి ఇవాళ నీ పేరు మీద బియ్యం ఇవ్వబోతోందని చెప్పింది. చచ్చిపోయావని చెప్పాననే మాట ఎలాగో అనగలిగింది. రైలు కూత మాట, ఏడుపు మాట మాత్రం దాచేసింది. అవి చెప్పాల్సిన అవసరమేముంది, పేరు సంగతి తేలితే చాలదా అని తనకి తనే నచ్చజెప్పుకుంది.

మామ్మ గ్లాసు కింద పెట్టింది.

"చీర కూడా పెడుతోందా?" అంది.

పెడుతోందని చెప్పింది భవ్యశ్రీ.

"ఏ రంగు?"

భవ్యశ్రీకి ఏడవాలో నవ్వాలో తెలియలేదు. పోయారని పుకారు పుడితే ఆయుష్షు పెరుగుతుందంటారు, మంచిపనే చేశావని మామ్మే ఊరడించింది. ఆవిడకి ఇదంతా వేడుకగానే ఉంది. మీ నాన్న స్వయంపాకం ఇచ్చేలోగా వచ్చేద్దాం పద అని, పెళ్ళిళ్ళకి కట్టే జరీ అంచు చీర తీయించి కట్టుకుంది. చచ్చిపోయిన మనిషిగా వెళ్తున్నప్పుడు కాస్త కళగా కనిపించాలి కదా అంది. ఆటోలో మూసీ వంతెన దాటుతుంటే, కోఠీలో బస్సుల మధ్య ఇరుక్కుంటే, దారి పొడవునా కబుర్లే. బతుకమ్మ మొదలయ్యే రోజు కూడా అదే కావడంతో రోడ్డు పక్కన తంగేడు పూలు, గునుగు పూలు కట్టలు కట్టలుగా పోసి అమ్ముతున్నారు. మామ్మ ఆటో ఆపించి ఒక కట్ట కొనిపించింది. వారం రోజుల్లో మొదటిసారి భవ్యశ్రీ గుండెలో బరువు తగ్గింది. ఇంత తేలిగ్గా పోతుందని తెలిస్తే ముందే చెప్పేదాన్ని కదా అనుకుంది కూడా. అలా అనుకున్నందుకు తర్వాత చాలా రోజులు తనని తను తిట్టుకుంది.

వాళ్ళు వెళ్ళేసరికి పద్మ టీచర్ ఇంట్లో చాప మీద మోదుగ విస్తళ్ళు పరిచి ఉన్నాయి. అత్తకొకటి, మామకొకటి, భర్తకొకటి. ఒక్కోదాంట్లో బియ్యం, పప్పు, చింతపండు, బెండకాయలు. కొంచెం ఎడంగా ఇంకో విస్తరి. దాని మీద మడత విప్పని నీలం చీర. అయ్యగారు ఇంకా కాళ్ళు కడుక్కుంటున్నాడు. అఖిలేష్ లేచి నిలబడ్డాడు.

"తల్లీ, కామాక్షిని నేనే," అంది మామ్మ, మోకాలు పట్టుకుని గడప దాటుతూ. "పేరు నాదే, మనిషిని నేనే. ఆ చీర బాగానే ఉంది గానీ, ఇంకొన్నాళ్ళు ఆగు."

పద్మ టీచర్ కొయ్యబారి చూసింది. దగ్గరికి వచ్చి మామ్మ చెయ్యి పట్టుకుంది. మణికట్టు నుంచి మోచేతి దాకా తడిమింది. వేడిగా ఉన్న చెయ్యి, ముడతలు పడ్డ చెయ్యి, కాఫీ వాసన వేస్తున్న చెయ్యి. మామ్మ బందరు నుంచి ఎప్పుడు వచ్చిందీ, ఏ సందులో ఉన్నదీ ఒక్కొక్కటే అడిగి, అన్నీ కుదిరాక, భవ్యశ్రీ వంక తిరిగి చూసింది. ఆ చూపులో కోపం లేదు. తరగతిలో తన బిడ్డలా చూసుకున్న పిల్ల కాపీ కొడుతూ దొరికితే టీచరమ్మ చూసే చూపు అది. భవ్యశ్రీ తల దించుకుంది.

"నేను ఇన్నదేంది మరి?" అంది పద్మ టీచర్, ఎవరినీ అడగనట్టు. "కూత ఆగినంక మీ గొంతే ఇన్ననని..."

"అయ్యగారు వచ్చారండీ," అని భవ్యశ్రీ గబుక్కున అడ్డం పడింది. అప్పటికి గండం గడిచింది. నాలుగో విస్తరిలో బియ్యం తీసి బియ్యం డబ్బాలో పోశారు. చీర బీరువాలోకి వెళ్ళింది. మిగిలిన ముగ్గురి పేర్లూ చెప్పి అయ్యగారు తన పని కానిచ్చాడు.

అంతా అయ్యాక పద్మ టీచర్ మామ్మని ఒక కోరిక కోరింది. పైగదిలో ఒక్కసారి కాలు పెట్టి పొమ్మంది. మీరు నవ్వుకుంట తిరిగి పోతే ఆ గది బాగుపడ్తది, నేను గూడ పోతానంది. మామ్మ మెట్లు ఎక్కలేనంటూనే ఎక్కింది. ఒక వైపు భవ్యశ్రీ, ఒక వైపు అఖిలేష్ పట్టుకున్నారు. నెలల తరబడి తాళం వేసిన గది, ముక్కిపోయిన వాసన. అఖిలేష్ కిటికీ రెక్కలు తోశాడు. వెలుతురు పడగానే పద్మ టీచర్ గది నాలుగు మూలలూ చూసుకుని, బిక్కమొహంతో నవ్వింది. మామ్మకి కుర్చీ తెస్తానని, చాయ్ పెడతానని తల్లీ కొడుకులిద్దరూ కిందికి దిగారు.

మామ్మ కుర్చీ వచ్చేదాకా ఆగలేదు. కిటికీ గట్టు మీద కూర్చుంది. ఎంత అలవాటుగా కూర్చుందంటే, భవ్యశ్రీ ఒక్క క్షణం తన కథని తనే నమ్మింది.

"అచ్చం ఇలాంటిదే. మాది ఇంకా ఇరుకు," అంది మామ్మ.

అప్పుడు కింద సందు మలుపులో అడుగుల చప్పుడు. ఇటు రండి, కొంచెం దగ్గరగా నిలబడండి అంటున్న శశికిరణ్ గొంతు. భవ్యశ్రీకి మామూలుగానే అన్న మాట గుర్తొచ్చింది. కిందికి వంగి ఒక్క కేక వేస్తే సరిపోయేది. కేక వేస్తే మామ్మ ఎందుకని అడుగుతుంది. ఆ అడగడానికి జడిసి, మెట్ల వైపు పరుగెత్తాలా, మామ్మని లేపాలా అని తేల్చుకోలేక నిలబడిపోయింది. ఈలోగా శశికిరణ్ గొంతు తగ్గించి మొదలుపెట్టాడు.

"ఆ కిటికీలో ఒకావిడ కూర్చునేది. పేరు కామాక్షమ్మ."

మామ్మ చెవి ఒగ్గింది. పెదవుల మీద వేడుక ఇంకా అలాగే ఉంది. కుర్రాడు బాగా చెబుతున్నాడే అన్నట్టు మనవరాలి వంక చూసింది. బందరు వచ్చింది, గుమాస్తా మొగుడు వచ్చాడు. రైలు కూస్తే ఓడనుకుని పరుగెత్తడం వచ్చింది. అక్కడ వేడుక ఆగిపోయింది. శశికిరణ్ ఒక్క పొల్లు పోకుండా నేర్చుకున్నాడు. కూతలో గొంతెత్తి ఏడవడం, కూత ఆగితే ఆపేయడం, అందువల్ల ఎవరికీ తెలియకపోవడం, అన్నీ భవ్యశ్రీ మాటల్లోనే, భవ్యశ్రీ ఆగే చోటే ఆగుతూ చెప్పాడు. కింద ఎవరో ఆడమనిషి అయ్యో పాపం అంది. ఇంకెవరో గట్టిగా నిట్టూర్చారు. స్టేషనులో రైలు కూడా సరిగ్గా వేళకి కూసింది.

మామ్మ చెయ్యి కిటికీ చెక్కని పట్టుకుని ఉంది. వేళ్ళు తెల్లబడ్డాయి.

"చచ్చిపోయానన్నావు, సరే," అంది, మనవరాలి వైపు తిరక్కుండానే. "ఏడ్చానని ఎందుకు చెప్పావే? అది మీ తాతయ్యకి కూడా తెలియనివ్వలేదు నేను."

వారం రోజులుగా భవ్యశ్రీ మామ్మ ప్రాణం గురించి భయపడింది, పద్మ టీచర్ ఇంటి గురించి బాధపడింది. ఈ ఒక్కదాన్నీ మాత్రం అడుగున తోసి, పైన మిగతా తప్పులన్నీ పేర్చి కూర్చుంది. ఆ మధ్యాహ్నం విసనకర్ర విసురుతూ మామ్మ నవ్వింది కదా, నవ్వుతూ చెప్పిన మాట కదా అనుకుంది. ఒక మనిషి ఒక జన్మంతా దాచుకున్నదాన్ని, దోసె వాసన నుంచి జనాన్ని మళ్ళించడానికి ఎరగా వేసింది.

కింద ఎవరో తల ఎత్తి చూశారు. కిటికీలో జరీ అంచు చీర, నెరిసిన తల. శశికిరణ్ మాట నోట్లోనే ఆగిపోయింది. సందులో ఉన్న ఇరవై తలలూ పైకి లేచాయి. ఫోన్లు ఎత్తిన చేతులు ఎత్తినట్టే ఉండిపోయాయి.

మామ్మ భుజం మీద చెంగు సర్దుకుంది. కిందికి వంగి, ముఖం నిండా నవ్వు తెచ్చుకుంది.

"ఏం బాబూ, పొద్దున్నే బయల్దేరినట్టున్నారు. టిఫిన్లు చేశారా అందరూ?"

ఎంత హుషారైన గొంతు అది. చిన్నప్పటి నుంచి భవ్యశ్రీకి తెలిసిన గొంతే. సాయంత్రం తాతయ్య ఆఫీసు నుంచి వచ్చి చెప్పులు విడుస్తుంటే, వంటింట్లోంచి వినిపించేదని నాన్న ఇప్పటికీ ముచ్చటగా చెప్పుకునే గొంతు అదే. మా అమ్మ ఎప్పుడూ నవ్వుతూనే ఉండేదని చెబుతాడు. కింద జనం తేరుకుని నవ్వారు. మామ్మ కూడా నవ్వుతోంది. కిటికీ చెక్క మీద ఆమె వేళ్ళు మాత్రం పట్టు వదల్లేదు.